కుక్కకు తలుపు తీసిన మంత్రసాని

మా ఊరి మంత్రసాని పోయింది. ఆ మాట నాకు ధవళేశ్వరం లాకుల దగ్గర తెలిసింది. మా ప్లీడరుగారి కాగితాలు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. మా ఊరి మీదుగా ధాన్యం పడవ నడిపే సరంగు ఒకడు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీ మంత్రసాని పోయిందండి బాబు. మేం ఇటు వస్తుంటే గట్టు మీద కుక్కలు ఒకటే ఏడుపు. పడవ ఆపి చూస్తే గుడిసెలో పడి ఉంది. గొయ్యి మేమే తీశామండి."

"ఊళ్ళోవాళ్ళు ఎవరూ రాలేదా?"

"వచ్చారండి. ఊరి వైపు గట్టు మీద నిలబడ్డారు. వానలకు బల్లకట్టు ఆడటం లేదన్నారు. మా పడవలో దాటిస్తాం రండన్నాను. ఒక్కరూ ఎక్కలేదండి."

ఇంతలో లాకు తలుపులు తెరిచారు. సరంగు గెడ అందుకుని వెళ్ళిపోయాడు. నేను కాగితాలు పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాను.

పోయినవారి గురించి రాసేటప్పుడు వంశం, పదవి, చేసిన దానధర్మాలు రాయడం ఈ పత్రికలో ఆనవాయితీ. ఈమెకు వాటిలో ఏదీ లేదు. కులం ఉంది, అది నేను రాయను. ఆమె చేతుల్లో పడకుండా మా తరంలో ఎవరూ ఆ ఊళ్ళో భూమ్మీదికి రాలేదు, మా అన్నగారితో సహా. మా అన్నగారు ఊరి కరణం. ఆయన ఈ పత్రిక తెప్పించుకోరు గాని, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. వినిపించండి. అందుకు కూడా రాస్తున్నాను.

నేను ఆమెను మామ్మా అని పిలిచేవాణ్ణి. చిన్నప్పుడు తెలియక పిలిచాను, పెద్దయ్యాక తెలిసే పిలిచాను. "దాన్ని మామ్మ అంటావేంట్రా? మన మామ్మ వింటే నూతిలో దూకుతుంది" అనేవాడు అన్నయ్య. ఈమె మాత్రం నవ్వేది. నేను చావడి దగ్గర ఎవరితోనో వాదించి మొహం ఎర్రగా చేసుకుని వస్తే, తన గుడిసె ముందు కూర్చునే పలకరించేది.

"అందరూ తలతో వస్తారు బాబూ. తమరు కాళ్ళతో వచ్చారు. బయట ఎవర్ని తన్నాలో లోపలే చూసుకున్నట్టున్నారు."

ఆమె గోళ్ళు ఎప్పుడూ రాతి మీద అరగదీసి ఉండేవి. రోజూ సాయంత్రం పని ఉన్నా లేకపోయినా చేతులకు ఆముదం రాసుకుని మర్దన చేసుకునేది. ఎవరైనా కబురుతో వస్తే చేతులు చల్లగా ఉండకూడదని. గట్టు మీద బిందెతో పోయే ఆడమనిషి నడక చూసి, నెల తప్పిన సంగతి ఆ మొగుడికంటే ముందు పోల్చుకునేది. పోల్చుకున్నా నోరు విప్పేది కాదు. "చెప్పుకోవలసిన ఆనందం ఆ పిల్లది. నేను లాక్కోకూడదు" అనేది.

పురుడు వెళ్ళిందాకా ఏ ఇంట్లోనైనా ఆ గదికి ఆమే యజమానురాలు. అత్తగార్లు కూడా ఆమె చెప్పినట్టు వినేవారు. పురుడు వెళ్ళిన రోజున పాత చీర, చాటెడు బియ్యం పుచ్చుకుని దొడ్డిదారిన బయటికి పోవాలి. మర్నాటినుంచి ఆ గుమ్మం తొక్కకూడదు. ఒకసారి నాతో అంది, "ఊళ్ళో పిల్లలందరూ నా పిల్లలేనంటారు బాబూ. ఒక్కరూ నా గుడిసెలోకి వచ్చి మంచినీళ్ళు తాగరు." నేను తాగాను. అన్నయ్యకు తెలిసి నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు.

ఇక ఆ వేసవి సంగతి.

ఆ ఏడు దొరతనంవారు కాలవ కట్టేసి పూడిక తీయించారు. మా ఊరికి మూడు వైపుల పొలాలు, నాలుగో వైపు కాలవ. నీళ్ళు లేని కాలవలో జనం చెలమలు తవ్వుకుని తాగారు. పశువులూ అందులోనే, బట్టలు ఉతకడమూ అక్కడే. మరిడి వచ్చింది. పత్రికలలో కలరా అని రాస్తారు. మొదట గట్టు పక్కన పడవలు కట్టే వడ్రంగి ఇల్లు. తండ్రి, తల్లి, పిల్లలు, ఆఖరికి ఉయ్యాలలో బిడ్డతో సహా ఒక్కరూ మిగల్లేదు. మిగిలింది వాళ్ళ కుక్క. బూడిదరంగుది, ఒక చెవి చిరిగింది. తండ్రి కొత్త పడవ నీళ్ళలోకి దింపినప్పుడల్లా ముందుగా ఎక్కి ముక్కున నిలబడేదని పిల్లలు దానికి సరంగు అని పేరు పెట్టారు.

అమ్మవారిని సాగనంపాలని పెద్దలు నిర్ణయించారు. చిన్న కర్రబండి చేయించి, అందులో పసుపు ముద్ద, వేపమండలు, కుండ పెట్టి డప్పులతో లాక్కుపోయి పొలిమేర అవతల వదిలేశారు. వడ్రంగి ఇంటి కుక్కను కూడా ఆ బండికే కట్టారు. చచ్చిన ఇంటిది ఏదీ ఊళ్ళో ఉండకూడదు గనక. వెనక్కి చూడకుండా తిరిగి వచ్చి, ఊళ్ళోకి వచ్చే ప్రతి దారికీ, ప్రతి పొలం గట్టుకూ అడ్డంగా వేపాకు తాడు కట్టారు. ఇక కట్టు విప్పేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. కాలవ వైపు మాత్రం తాడు కట్టలేదు. ఎప్పుడూ కట్టరు. నీళ్ళు దాటి అమ్మవారు రాదని తాతల నాటినుంచీ ఒక ధీమా. ఆ ఏడు అక్కడ నీళ్ళు లేవన్న సంగతి ఒక్కరికీ తోచలేదు. పగలల్లా అందులోకి దిగి చెలమల్లో నీళ్ళు తోడుకుంటున్నవాళ్ళకు కూడా.

మర్నాడు పొద్దున్నే కుక్క ఎండిన కాలవలో నడుచుకుంటూ వచ్చింది. మెడకు కొరికిన తాడు ముక్క, దానికి వాడిన వేపమండ. వడ్రంగి ఇంటి ముందు కాసేపు నిలబడింది. అప్పటికే జనం రాళ్ళు అందుకున్నారు. అది పక్కనున్న మంత్రసాని గుడిసె చూరు కిందికి దూరింది. మామ్మ తలుపు తీసి, దాన్ని లోపలికి పోనిచ్చి, గుమ్మంలో తను కూర్చుంది.

నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య ముందుకు వచ్చి, "దాన్ని బయటికి తోలు" అన్నాడు.

"బాబుగారూ, ఆ ఇంట్లో బిడ్డలందర్నీ నా చేత్తోనే తీశానండి. అమ్మవారు ఒక్కర్నీ మిగల్చలేదు. ఇది ఒక్కటే ఆ ఇంటి గుర్తు. దీన్ని కూడా మీరే పొట్టన పెట్టుకుంటే నేను ఏ మొహంతో ఇంకో ఇంట్లో బిడ్డను తీయను?"

"అమ్మవారు దాంతోపాటు తిరిగొస్తే?"

"వస్తే వస్తుందండి. ఆవిడ మనుషుల మీద కోపంతో వచ్చింది. కుక్క ఏం చేసింది?"

ఇక్కడ ఒక మాట రాయాలి. ఆమెను నా పుస్తకాల మనిషిగా చేసి చూపించడం నాకు తేలిక. చెయ్యను. రోగం నీళ్ళలోంచి వస్తుందనీ, కాచి తాగాలనీ రాసిన చిన్న పుస్తకం నేను ఆమెకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "నీళ్ళలో కూడా ఆవిడే ఉంటుంది కదా బాబూ" అంది. ఆమెకు అమ్మవారంటే అందరికంటే ఎక్కువ భయం. ఆ భయంతోనే తలుపు తీసింది. భయం లేని నేను రాళ్ళు పట్టుకున్నవాళ్ళ మధ్య నిలబడి ఆపమని అరుస్తున్నాను.

తరవాత నాలుగు ఇళ్ళలో చావులు. వాటిలో ఒకటి మాది. అన్నయ్య పెద్దకొడుకు, నా వెంటే తిరిగేవాడు, తెల్లవారుతూనే మంచాన పడి సాయంత్రానికి పోయాడు. మా ఇంటికీ ఆ చెలమ నీళ్ళే వచ్చేవి. అన్నయ్య పిల్లవాడి మొలతాడు మణికట్టుకు చుట్టుకుని చావడికి వెళ్ళి, కుక్కను ఉంచుకున్నంత కాలం మంత్రసాని ఊళ్ళో ఉండటానికి వీల్లేదని చెప్పించాడు. నాకు నీళ్ళు కనబడ్డాయి, ఆయనకు కుక్క కనబడింది. నేను చావడిలో నా పుస్తకం తీసి చదవబోతే అందరి ముందూ చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ కోపమే. కాని కొట్టిన చేతికి ఆ మొలతాడు ఉందని కూడా నేను మరిచిపోలేదు.

కాలవకు నీళ్ళు వదిలే ముందే మామ్మ ఎండిన కాలవ దాటి, అవతల గట్టు మీద తాటాకుల గుడిసె వేసుకుంది. కుక్క ఆమెతోనే. పురుళ్ళకు పక్క ఊరి మంత్రసానిని పిలిపించుకోవడం మొదలుపెట్టారు.

అక్కడ ఆమె కుక్కతో మాట్లాడటం నేను విన్నాను. బల్లకట్టు మీద దాటి వెళ్ళి దూరంగా కూర్చునేవాణ్ణి. "ఇవాళ చేప లేదురా. ఆ పడవవాడు మొహం చాటేశాడు. రేపు వాడు మళ్ళీ ఇటే రావాలిగా, అప్పుడు అడుగుదాం ఇద్దరం." అంతకుముందు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు గుడిసెలో మాట వినిపించగా నేను ఎరగను. అన్నం వండుకున్నాక మొదటి ముద్ద పక్కన పెట్టేది. "ఎన్ని పురుళ్ళు పోసినా, నేను వచ్చానని లేచి నిలబడ్డది ఇదొక్కటే బాబూ" అంది ఒకనాడు. పొగడ్తగా అనలేదు. లెక్క చూసుకుని చెప్పినట్టు చెప్పింది.

ఊళ్ళోవాళ్ళు వద్దనుకున్న కుక్కలను కూడా తెచ్చి ఆ గట్టు మీదే వదిలేయసాగారు. కాలు విరిగినవి, ముసలివి, ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. అవి ఊళ్ళోకి తిరిగి రాకుండా ఉండాలంటే అక్కడే ఇంత తిండి పడాలని మగవాళ్ళే అనుకున్నారు. ఆడవాళ్ళు గంజి ముంతలు పట్టుకుని బల్లకట్టు ఎక్కారు. కుక్కలకు గంజి పోసి వస్తామంటే ఏ ఇంట్లోనూ అడ్డం చెప్పలేదు. గంజి పోయడం ఎంతసేపు? తిరిగి వచ్చేటప్పటికి పొద్దు వాలేది. నెలలు నిండుతున్నవాళ్ళు గుడిసెలో పడుకుంటే మామ్మ కడుపు మీద చెయ్యి వేసి చూసేది. కడుపు నిలవనివాళ్ళు ఏడ్చి వచ్చేవారు. మా వదిన కూడా వెళ్ళింది. కొడుకు పోయాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ గట్టు మీద, చిరిగిన చెవి కుక్క పక్కన కూర్చుని మొదటిసారి బావురుమందని మామ్మ నాకు చెప్పింది. ఏ కుక్క తన కొడుకును తిన్నదని మొగుడు అంటున్నాడో ఆ కుక్క పక్కనే.

మళ్ళీ వదినకు నెలలు నిండాయి. ఊడ్పుల రోజులు, ఎడతెగని వాన. మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. పక్క ఊరి మంత్రసాని వచ్చి, చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదని గోడకు జేరగిలబడింది. నేను ఎవర్నీ అడగలేదు. పరుగెత్తి బల్లకట్టు ఎక్కాను. మామ్మ నా మొహం చూసి కుక్కను గుంజకు కట్టేసి నా వెంట వచ్చింది.

అన్నయ్య దొడ్డి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ కుక్క ఉందా?"

"ఉందండి. కట్టేసి వచ్చాను."

"అది బతికుండగా నువ్వు ఈ గడప దాటడానికి వీల్లేదు. ఒకణ్ణి తినేసింది చాలు."

"బాబుగారూ, అమ్మగారి గొంతు ఆరిపోతోంది, వినండి. ఇది మాటలాడుకునే వేళ కాదండి."

"అయితే దాన్ని నాకు అప్పగిస్తానని మాట ఇవ్వు."

నేను అన్నయ్య మీదికి వెళ్ళాను. మామ్మ నా వైపు తిరక్కుండానే, "చిన్నబాబూ, నీళ్ళు కాచి తెండి. బాగా కాగాక తెండి, మీ పుస్తకంలో చెప్పినట్టే" అంది. తరవాత అన్నయ్యతో, "ఇచ్చానండి. తప్పుకోండి" అంది.

నేను నీళ్ళు కాచాను. గదిలో ఆమె గొంతు ఒక్కటే వినిపించేది. గట్టిగా కాదు. "ఇటు చూడు తల్లీ. నా మొహం చూడు. వస్తుంది, మన దగ్గరికి కాకపోతే ఎక్కడికి పోతుంది?" దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల ఏడ్చింది. వదిన బతికింది.

మామ్మ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. అన్నయ్య పాలేరును పిలిచి ఆమె వెంట పంపాడు. ఆ ఒక్క పూట ఆగమని ఆమె అడగలేదు. నేను అడిగాను. నన్ను పక్కకు నెట్టేశాడు. నేను వాళ్ళ వెనకే బల్లకట్టు ఎక్కాను.

గట్టు మీద సరంగు తోక ఆడిస్తూ లేచింది. మామ్మ చట్టిలో ఉన్న అన్నం దానికి పెట్టింది. అది తిన్నంతసేపూ పాలేరు అటు తిరిగి నిలబడ్డాడు. తరవాత గుంజనుంచి తాడు విప్పి వాడి చేతికి ఇచ్చింది. కుక్క ఒకసారి ఆమె మొహం చూసి వాడి వెంట వెళ్ళింది. ఆమె ఎవరి చేతిలో పెడితే వాళ్ళ వెంట వెళ్ళే కుక్క అది. తాటితోపు వెనక ఒక్క అరుపే వినబడింది.

"ఎందుకిచ్చావు మామ్మా? పని అయిపోయిందిగా, ఇవ్వనని చెప్పేస్తే అన్నయ్య ఏం చేసేవాడు?" అన్నాను.

"రేపు ఇంకొకరికి నొప్పులొస్తే, నా మాట నమ్మి ఎవరు తప్పుకుంటారు బాబూ?"

అంత మాట అని, అప్పుడు ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. చేతికి దొరికిన మట్టిపెళ్ళ చిదుపుతూ కూర్చున్నాను. ఇంకేం చేయాలో నా పుస్తకాల్లో లేదు.

ఇక ఊళ్ళోకి రావచ్చునని అన్నయ్య మర్నాడు కబురు పంపాడు. ఆమె రాలేదు. "నేను ఆ గట్టుకు రానని చెప్పండి. నొప్పులొచ్చిన తల్లిని ఇటు దాటించండి. దాటినవాళ్ళకు చేస్తాను" అంది. పెద్ద ఇళ్ళవాళ్ళకు అది అవమానం. దాటించలేదు. కూలీనాలీ చేసుకునేవాళ్ళు దాటించారు. ఊరు వద్దన్న కుక్కల మధ్య, ఆ తాటాకు గుడిసెలో పిల్లలు పుట్టారు. అన్నయ్య మాత్రం తన ఇంటివాళ్ళెవరూ ఆ బల్లకట్టు ఎక్కకూడదని శాసించాడు. నేను ఎక్కాను, ఇంట్లోంచి పొమ్మన్నాడు. అలా రాజమండ్రి చేరాను.

మిగిలిన కుక్కలు ఆమెతోనే ఉన్నాయి. వాటిలో దేనికీ పేరు పెట్టలేదు. "పేరు పెడితే పిలవబుద్ధవుతుంది" అంది, నేను ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు. అప్పటికే చేతులు వణుకుతున్నాయి. ఆముదం రాసుకోవడం మాత్రం మానలేదు.

లాకుల దగ్గర ఆ పడవ సరంగు చెప్పిన మర్నాడే పడవ పట్టుకుని మా ఊరు వెళ్ళాను. వాన వెలిసింది. బల్లకట్టు మళ్ళీ ఆడుతోంది. మా వీధిలోకి వెళ్ళకుండా తిన్నగా అవతల గట్టున దిగాను. గుడిసె పక్కన తడిమట్టి దిబ్బ. దాని చుట్టూ కుక్కలు పడుకుని ఉన్నాయి, ఎముకలు తేలి. నేను దగ్గరికి వెళ్ళినా లేవలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. మా వదిన. చంకలో ఆ రోజు మామ్మ తీసిన పిల్ల, చేతిలో ఇత్తడి గిన్నె. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అదే బల్లకట్టు మీద దాటి వచ్చింది. పిల్లను దిబ్బ పక్కన దింపింది. ఆ పిల్ల తిన్నగా ఒక ముసలి కుక్క దగ్గరికి వెళ్ళి దాని చెవి పట్టుకుంది. వదిన కొంగు బిగించి, నేల మీద కూర్చుని, ఆకులు పరిచి అన్నం కలపసాగింది.

ఊరి వైపు గట్టు మీదికి అన్నయ్య వచ్చాడు. "బల్లకట్టు ఇటు పంపించరా" అని పిలిచాడు. బల్లకట్టువాడు తాడు పట్టుకుని వదిన వైపు చూశాడు. వాడి పిల్లలిద్దరూ ఈ గుడిసెలోనే పుట్టారు. వదిన తలెత్తలేదు. ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క ముద్ద పెడుతోంది. వాడు తాడు నీళ్ళలోకి జారవిడిచి, గట్టు మీద కూర్చున్నాడు. అన్నయ్య ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. మధ్యలో కాలవ, గట్ల నిండా, ఎర్రగా పారుతోంది.